తలగుడ్డ మీద తీర్పు

సోమవారం

ఈ రోజు మందుల ల్యాబులో మేడం మళ్లీ తిట్టింది. తిట్టడమంటే గొంతు పెంచడం కాదు, ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. కళ్లజోడు పైనుంచి చూస్తూ, "ఈ ద్రావణం మబ్బుగా ఉంది. వడకట్టకుండానే యంత్రంలో పెట్టేశావా?" అంది. పెట్టాను. మాత్ర నీళ్లలో కరిగింది కదా, కాస్త తెల్లగా కనిపిస్తే ఏం మునిగిపోయింది? "వడకట్టి మళ్లీ చెయ్యి" అంది. ఎందుకని అడిగాను. "ముందు చెయ్యి, తర్వాత చెప్తాను" అంది. పాలకుల మాట తీరు సరిగ్గా ఇదే. ఆ తర్వాత అనేది చరిత్రలో ఇంతవరకూ వచ్చిన దాఖలా లేదు.

వడకట్టాను. యంత్రం చూపించే అంకె తగ్గింది. ఫిల్టరు కాగితం మందులో కొంత మింగేసి ఉంటుంది.

అయినా యంత్రం మీద నాకు కోపం లేదు. స్పెక్ట్రోఫోటోమీటర్ అని పిలవాలంటే నోరు తిరగదు కాబట్టి దానికి జడ్జి గారు అని పేరు పెట్టుకున్నాను. ఒక చివర దీపం, ఇంకో చివర కాంతిని చూసే కన్ను, మధ్యలో మూత ఉన్న బుల్లి గది. ఆ గదిలో మనం ఏం పెడితే అది ఎంత కాంతిని తినేసిందో జడ్జి గారు అంకెల్లో చెప్పేస్తారు. మనకు కనిపించే కాంతి సంగతే కాదు, ఎండలో దాక్కుని ఒళ్లు కాల్చే అతినీలలోహిత కాంతి సంగతి కూడా. ఆయనకు బంధువులు లేరు, సిఫారసులు లేవు. యజమాని మందైనా పనివాడి మందైనా ఒకటే దీపం. సమాజం మొత్తం ఇలా ఉంటే నేను విప్లవాల మీద ఇన్ని చిన్న పుస్తకాలు చదవాల్సిన అవసరమే ఉండేది కాదు.

మంగళవారం

ఒళ్లు మండిపోతోంది. రాసుకుంటే గానీ చల్లారదు.

సాయంత్రం మామయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు, పక్క వీధిలోనే ఉంటాడు, అన్నం మాత్రం మా ఇంట్లోనే. రోడ్డు వేసే ముఠాకు మేస్త్రి. నెత్తి మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. నెత్తికి ఇన్నాళ్లూ పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి చుట్టుకునేవాడు. ఈ రోజు మాత్రం టోపీ పెట్టుకొచ్చాడు. మందపాటి గుడ్డ, వెడల్పాటి అంచు, మెడ మీదికి వేలాడే ముక్క. ముందు వైపు ఎర్రటి అక్షరాలతో కాంట్రాక్టరు కంపెనీ పేరు! ముఠా అందరికీ ఇచ్చాడట.

"మామయ్యా, నీ నెత్తిని వాడికి అద్దెకిచ్చావా?" అన్నాను.

"అద్దెక్కడిదిరా అల్లుడూ, ఊరికే ఇచ్చా. ఖాళీ స్థలమేగా" అని నెత్తి నిమురుకున్నాడు.

అమ్మ కుట్టుమిషను మీద నుంచి లేవకుండానే, పంటి కింద గుండుసూదులు పెట్టుకుని నవ్వింది. ఎప్పుడో ఒక రోజు ఆ సూదులు మింగేస్తుంది.

"ఇందులో నవ్వడానికి ఏముంది? రోజంతా ఎండలో మీరు వాడి ప్రకటన బోర్డులు మోస్తున్నారు. దీన్నేమంటారో తెలుసా?"

"టోపీ అంటారు" అన్నాడు మామయ్య. "కాకపోతే లోపల ఉడికిపోతోందిరా. మావాళ్లంతా అదే గోల."

అదీ మాట. ముఠాకే వద్దు. నేను చెయ్యాల్సింది నిజం చేతికివ్వడం, అంతే.

బుధవారం

భోజనాల వేళ మేడం గదిలో లేదు. అమ్మ దగ్గరున్న పలుచటి తెల్ల గుడ్డ, లోపలి అస్తరుకు వాడేది, ఒక ముక్క తెచ్చాను. మామయ్య టోపీ లోపలి మడత నుంచి ఇంకో ముక్క. (ఆయన గమనించలేదు. గమనించినా ఉద్యమానికే కదా.) ద్రావణం పెట్టే గాజు గొట్టాన్ని తీసేసి, దాని చోట ముందు టోపీ ముక్క నిలబెట్టాను. అతినీలలోహిత కాంతి అవతలికి దాదాపు చేరలేదు. తర్వాత అమ్మ గుడ్డ పెట్టాను. అదీ దాదాపు చేరలేదు!

మళ్లీ పెట్టాను. మళ్లీ అదే.

అంటే టోపీ మందం, బరువు, ఉడుకు, చెమట, ఇదంతా దేనికి? ఆ ఎర్ర అక్షరాలకి. పలుచటి గుడ్డ ఒక్క వరస చాలు, ఎండ ఆగిపోతుంది. జడ్జి గారు తీర్పు చెప్పేశారు.

గురువారం

కరపత్రం పూర్తయింది. నాలుగు పేజీలు. జిరాక్సు షాపాయన "ఇంకాస్త కుదించకూడదా బాబూ?" అన్నాడు. ఆయన్ని క్షమించాను. మొదటి పేజీలో మనిషి తలకూ చరిత్రకూ ఉన్న సంబంధం. రెండో పేజీలో టోపీల పుట్టుక. మూడో పేజీలో యంత్రం చెప్పిన సాక్ష్యం. నాలుగో పేజీలో పిలుపు.

అన్నిటికన్నా బాగా వచ్చిన వాక్యం: "ఒక్క వరస పలుచటి గుడ్డ చాలు, మందపాటి టోపీ ఎండను కాదు, మన ఆలోచనను ఆపుతుంది."

చదివి వినిపిస్తే అమ్మ, "బావుంది నాన్నా, అన్నం చల్లారిపోతోంది" అంది.

శుక్రవారం

రోడ్డు దగ్గరికి వెళ్లాను. కంకర గుట్టలు, తారు పొగ. రోలర్ నడిపేది ఒక అమ్మాయని నాకు తెలియదు. అంత ఎత్తున కూర్చుని నా కరపత్రం అందుకుని, ఇంజను ఆపేసి, ముఠా అంతా వినేలా పైకి చదవడం మొదలెట్టింది. మొదటి పేజీలో ఒకసారి ఆవలించింది. రెండో పేజీ మొత్తం దాటేసింది.

"ఏవండీ కరపత్రం గారూ," అంది, "మీరు చెప్పేదేంటంటే ఈ టోపీ తీసేసి గుడ్డ కట్టుకోమని. అంతేగా?"

"అంతే అంటే అంతే కాదు. దాని వెనక..."

"వెనక సంగతి తర్వాత. గుడ్డ చల్లగా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎండ ఆగుతుందా?"

"యంత్రం చెప్పింది."

అంతే, టోపీలన్నీ వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మామయ్య వాటిని తోపుడు బండిలో పేర్చి కాంట్రాక్టరు ఆఫీసుకు తిరిగి పంపించేశాడు. అమ్మ ఇవాళ్టి నుంచి తలగుడ్డలు కుడుతోంది. ముఠాలో నా పేరు కరపత్రం అని స్థిరపడిపోయింది. బాధ లేదు.

శనివారం

విజయం.

సోమవారం

కాంట్రాక్టరు నా కరపత్రాన్ని తనే జిరాక్సు తీయించి తన మిగతా ముఠాలన్నిటికీ పంచుతున్నాడట! "చదువుకున్న కుర్రాడు, చక్కగా రాశాడు" అన్నాడట. అన్ని చోట్లా టోపీలు వెనక్కి తీసుకుంటున్నాడట.

శత్రువే మన ప్రచారం చేస్తున్నాడంటే ఇంతకన్నా ఏం కావాలి? సత్యానికి ఉన్న బలం ఇదీ. భయపడ్డాడు.

మేడం అడిగింది, "ఈ మధ్య వడకట్టడం ఎందుకని అడగట్లేదేం?" అని. నాకిప్పుడు అంతకన్నా పెద్ద పనులున్నాయి.

మంగళవారం

మామయ్య తల కందిపోయింది. ముట్టుకోనివ్వడం లేదు. అమ్మ తడిగుడ్డ వేసి కూర్చోబెట్టింది. నడినెత్తి మీద మాత్రం ముందు నుంచి వెనక్కి ఒక చార, అది మాత్రం పాత రంగులోనే ఉంది.

"రోడ్డు మీద గీసే గీతలా ఉందిరా తమ్ముడూ" అంది అమ్మ.

"దాటకూడని గీతా, దాటొచ్చే గీతా చూసి చెప్పక్కా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు.

గుడ్డ సరిగ్గా కట్టుకుని ఉండడు. మధ్యాహ్నం తీసేసి ఉంటాడు.

బుధవారం

తీయలేదట. ఒట్టేశాడు.

ఈ నాలుగు రోజులుగా ఎండ మామూలు ఎండ కాదు. అదీ కారణం. అసలు మామయ్య చర్మమే సున్నితం.

గురువారం

తారు పోసే అతని చెవులు. పార పట్టే ఇద్దరి మెడలు. ముఠా మొత్తం చర్మం సున్నితమా?

రోలర్ అమ్మాయి మెడ వెనక కూడా ఎర్రగా అయింది. కిందికి దిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పైన కూర్చున్నప్పటికన్నా ఇప్పుడే పొడుగ్గా అనిపించింది.

"మీ జడ్జి గారు ఎప్పుడైనా ఎండలో నిలబడ్డారా?"

"యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు" అన్నాను.

"మా మెడలకి మాత్రం ఏం అవసరమండీ?"

వెనక్కి తిరిగి వచ్చేశాను. నడుస్తూ రాళ్లు తన్నాను. ఒక రాయి పెద్దది. కాలి వేలు వాచింది.

శుక్రవారం

తేల్చేద్దామని వెళ్లాను. ఇంకో కొత్త ముక్క పెట్టాను. అదే అంకె. మూత తీసి మళ్లీ పెట్టాను. అదే అంకె. చూశావా, నేను చెప్పలేదూ అని ఎవరితో అన్నానో తెలియదు, గదిలో ఎవరూ లేరు. అప్పుడు కోపం వచ్చింది. అంకె సరైనదైతే మామయ్య నెత్తి అబద్ధమా? గుడ్డను పట్టుకున్న పిడిని ఎడాపెడా లాగాను. ముక్క జారి బుల్లి గది అవతలి చివరికి పోయి, సరిగ్గా కన్ను ముందున్న కిటికీకి అంటుకుంది. తీయబోతూ తెర వైపు చూశాను.

అంకె పడిపోయింది.

కాంతిలో దాదాపు పావు వంతు కంటికి చేరుతోంది. అదే గుడ్డ. అదే దీపం. ముక్కను దీపం వైపు జరిపితే కాంతి ఆగినట్టు చూపిస్తోంది. కన్ను దగ్గరికి తెస్తే వస్తోంది. అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను, పిల్లాడు స్విచ్చుతో ఆడినట్టు.

"ఆగినట్టు కనిపించిన వెలుగు ఎక్కడికి పోతోందో తెలిసిందా?" వెనక మేడం. ఎప్పుడు వచ్చిందో!

"పక్కకి" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. "ఆగట్లేదు మేడం. చెదిరి పక్కకి పోతోంది. కన్ను దూరంగా ఉంటే దానికి కనిపించదు, అంతే."

"మబ్బు ద్రావణంలో జరిగేదీ అదే. పొడి రేణువులు వెలుగుని చెదరగొడతాయి, యంత్రం దాన్ని మందు తినేసిందనుకుంటుంది. అందుకే వడకట్టమనేది. గుడ్డలు కొలవాలంటే చెదిరిన వెలుగునంతా పోగు చేసే గుండ్రటి అమరిక ఉండాలి. మన దాంట్లో అది లేదు." యంత్రం మూత మూస్తూ, "తర్వాత చెప్తానన్నాను. నువ్వే అడగడం మానేశావు" అంది.

ఆ తర్వాత అనేది వచ్చింది. నేనే ఇంట్లో లేను.

జడ్జి గారి కన్ను చిన్న కిటికీ. పక్కకు చెదిరింది దానికి పట్టదు. మామయ్య నెత్తి కిటికీ కాదు, మైదానం. ఎటు చెదిరినా అక్కడే పడుతుంది. ఆ చార ఎందుకు మిగిలిందో ఇప్పుడు అర్థమైంది. అమ్మ గుడ్డను నడుమ కలిపి కుట్టిన చోట నాలుగు వరసలు పడ్డాయి. పాత తువ్వాలులాగా.

నా సైన్సు రాకముందే మామయ్య నెత్తి క్షేమంగా ఉంది.

శనివారం

కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లాను, టోపీలు తిరిగివ్వమని. బల్ల మీద అద్దం కింద నా కరపత్రం!

"రండి రండి" అని నాకు కుర్చీ వేయించాడు. ఇంతవరకూ నాకెవరూ కుర్చీ వేయించలేదు.

"నేను రాసింది తప్పండి. కొలత తప్పు. టోపీలు ఇచ్చేయండి."

"అదేంటి బాబూ!" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "యంత్రం చెప్పిందని రాశారుగా. మాకు సైన్సంటే గౌరవం." వేలితో చూపించి నా వాక్యాన్నే నాకు చదివాడు. ఒక్క వరస పలుచటి గుడ్డ చాలు. ఎంత బాగా చదివాడంటే, అప్పుడు కూడా లోపల ఎక్కడో, వాక్యం బాగుందిరా అనుకున్నాను. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది.

"పేరు చెరిపించి టోపీలు వేరే కంపెనీకి అమ్మేద్దామనుకుంటున్నాం. వారం ఆగి రండి, మాట్లాడుకుందాం."

వారం అంటే టోపీలు వెళ్లిపోతాయి. ఈలోగా ఎన్ని మెడలు కందిపోవాలి!

ఆదివారం

మామయ్యకు చెప్పలేదు.

ఆదివారం, మళ్లీ

చెప్పాను. రోలర్ అమ్మాయి కూడా అక్కడే ఉంది, అమ్మ దగ్గర మెడకు రాసుకునే లేపనం కోసం వచ్చింది. అందుకని రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. దీపం, కన్ను, కిటికీ, అన్నీ చెప్పాను.

మామయ్య తడిగుడ్డ కింద నుంచి, "అంటే అల్లుడూ, మీ జడ్జి గారు దూరంగా కూర్చుని తీర్పు చెప్పారన్నమాట" అన్నాడు.

"ఆయన కాదు మామయ్యా. నేను."

ఆయన నా వీపు మీద ఒకటి చరిచాడు. రోడ్డు పనివాడి చెయ్యి, ఇంకా మండుతోంది.

"ఇప్పుడు టోపీల సంగతేంటి?" అంది రోలర్ అమ్మాయి.

"నేను ఇంకో కరపత్రం రాస్తాను. ఆ కాంట్రాక్టరు కపటాన్ని ఎనిమిది పేజీల్లో..."

"వద్దు!" ముగ్గురూ ఒకేసారి అన్నారు. అమ్మ కూడా. సూదులు ఊడి పడ్డాయి.

రోలర్ అమ్మాయి ఆలోచిస్తోంది. "మీ పాత కరపత్రం పైకి చదివితే ఎంతసేపు పడుతుంది? ఏమీ వదలకుండా. రెండో పేజీతో సహా."

అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంత అందమైన ఆలోచన నేను చదివిన ఏ చిన్న పుస్తకంలోనూ లేదు.

మంగళవారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

కాంట్రాక్టరును రోడ్డు దగ్గరికి పిలిచాం, తలగుడ్డ విజయానికి అభినందన సభ అని. ఫోటోగ్రాఫరును కూడా వెంటేసుకుని వచ్చాడు. వెనక డ్రైవరు పెద్ద నల్ల గొడుగు పట్టుకున్నాడు. ఎండ నడినెత్తిన ఉంది. కొత్తగా వేసిన తారు రోడ్డు మధ్యలో, చుట్టూ ఎక్కడా నీడ లేని చోట కుర్చీ వేశాం. మామయ్య స్వయంగా ఆయన తలకు అమ్మ కుట్టిన తలగుడ్డ కట్టాడు. ఒక్క వరసే, నడుమ అతుకు లేనిది, అమ్మ ప్రత్యేకంగా కుట్టింది. చెదిరిపోతాయేమోనని ఆయన ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు.

"గొడుగెందుకు సార్" అన్నాడు మామయ్య చాలా మర్యాదగా. "సైన్సు ఉందిగా."

ఫోటో కోసమని డ్రైవరు గొడుగు ముడిచాడు. నేను కరపత్రం తెరిచాను.

మనిషి తలకూ చరిత్రకూ ఉన్న సంబంధం గురించి నేను ఎప్పుడూ ఇంత తీరిగ్గా చదవలేదు. ప్రతి కామా దగ్గర ఆగాను. ఫుల్‌స్టాప్ దగ్గర నీళ్లు తాగాను. మొదటి పేజీ చివరికి ఆయన కుర్చీలో కదిలాడు. తారు వేడికి బూట్లు అటూ ఇటూ ఎత్తి పెడుతున్నాడు. టోపీల పుట్టుక దగ్గరికి వచ్చేసరికి చెమట గుడ్డ దాటి చెవుల్లోకి దిగింది.

"మిగతాది ఆఫీసులో చదువుకుంటా బాబూ."

"అసలు విషయం మూడో పేజీలో ఉంది సార్," అంది రోలర్ అమ్మాయి పైనుంచి.

"డ్రైవర్, గొడుగు!"

డ్రైవరు గొడుగు విప్పబోయి మామయ్యను చూశాడు. మామయ్య ఏమీ చెయ్యలేదు, తన తలగుడ్డ తీసి తల వంచాడంతే. కందిన నెత్తి, మధ్యలో చార. ఆ తర్వాత తారు పోసే అతను చెవులు చూపించాడు. పార పట్టే ఇద్దరూ వెనక్కి తిరిగి మెడలు చూపించారు. డ్రైవరు అవన్నీ చూసి గొడుగును నెమ్మదిగా చంకలో పెట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరు మాత్రం తీస్తూనే ఉన్నాడు, ఆయన పని అది.

"ఇదంతా ఈ గుడ్డ వల్లా?" అన్నాడు కాంట్రాక్టరు. అడగడంలో వెటకారం లేదు.

"నా వల్ల" అన్నాను. కరపత్రం మడిచేశాను. "ఈ వాక్యం రాసింది నేను. తప్పు. మీరు దీన్ని ఎక్కడెక్కడ పంచారో అక్కడంతా తప్పే. మీరిక్కడ పది నిమిషాలు కూర్చోలేకపోయారు సార్, వీళ్లు రోజంతా ఉంటారు."

ఆయన తలగుడ్డ విప్పి చూసుకున్నాడు, ఎండకు పట్టుకుని. అవతల సూర్యుడు కనిపించి ఉంటాడు, కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రంలోగా టోపీలు వచ్చేశాయి. మిగతా ముఠాలకూ పంపమని ఆయనే మా ముందు ఫోన్లో చెప్పాడు. మంచివాడైపోయాడని నేను అనుకోవడం లేదు. ఆ ఫోటోలు ఫోటోగ్రాఫరు దగ్గర ఉన్నాయి కదా.

బుధవారం

అన్ని ముఠాలకూ కొత్త కరపత్రం పంచాను. ఒకే వాక్యం. "ఒక్క వరస గుడ్డ చాలదు, టోపీ పెట్టుకోండి, నేను తప్పు రాశాను." జిరాక్సు షాపాయన అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతాదేదీ?" అన్నాడు.

ఎర్ర అక్షరాల మీద నా పోరాటం మాత్రం ఆగలేదు. అమ్మ పాత తలగుడ్డలు మడతలు పెట్టి టోపీల మీద ఆ పేరు ఉన్న చోటే కుట్టేస్తోంది. "నుదుటి దగ్గర ఇంకాస్త మందం వస్తుంది" అంటోంది అమాయకంగా. మామయ్య మాత్రం తన ఖాళీ స్థలం ఇప్పుడు ఎవరి పేరూ లేకుండా బోసిగా ఉందని వాపోతున్నాడు.

గురువారం

పాత కరపత్రాలు ఒక కట్ట మిగిలిపోయాయి. తగలబెడదామని రోడ్డు దగ్గరికి తీసుకెళ్లాను, అక్కడ మంట ఎప్పుడూ ఉంటుంది. రోలర్ అమ్మాయి లాక్కుంది. టీ తాగే విరామంలో కూర్చుని ఒక్కొక్కటీ మడిచి కాగితం టోపీలు చేసింది. కంకర మోసేవాళ్లు వాటిని అసలు టోపీల మీద పెట్టుకుని తిరిగారు. టోపీల పుట్టుక ఒకరి నెత్తి మీద, చరిత్ర ఇంకొకరి నెత్తి మీద.

"మీ జడ్జి గారు దీనికేమంటారు?" అని ఒకటి నా చేతికిచ్చింది.

ల్యాబులో దాన్ని కన్ను ముందున్న కిటికీకే ఆనించి పెట్టాను. దూరంగా కాదు. మేడం వచ్చి పక్కన నిలబడింది. నాలుగు పేజీలు, అన్ని మడతలు. ఏమీ రాలేదు.

"ఏమైంది వెలుగు?" అంది మేడం.

"ఆగిందనుకుంటున్నాను మేడం. వెనక్కి కూడా కొంత చెదిరి ఉండొచ్చు. ఎందుకో చెప్తారా? తర్వాత కాదు, ఇప్పుడే."

చెప్పింది. చాలాసేపు చెప్పింది. వడకట్టాల్సినవి వడకట్టకుండా అలాగే ఉండిపోయాయి.

సాయంత్రం వెళ్లి రోలర్ అమ్మాయికి చెప్పాను, నా కరపత్రం మొత్తానికి ఎండను ఆపిందని. "యంత్రం మాట నమ్మను. ఎండలో చూపించండి" అంది. సరే, రేపు సెలవు పెట్టి నా నెత్తి మీదే పెట్టుకుని మధ్యాహ్నం దాకా రోలర్ పక్కనే ఉంటానన్నాను. రోలర్ మీద రెండో సీటు లేదంది. నిలబడతానన్నాను. నా తల వైపు చూసి, "మీ జుట్టు వల్ల లెక్క తప్పుతుందేమో" అంది.

రేపు పొద్దున్నే గుండు చేయించుకోవాలి.